ఎంతమందని అడిగే కుంట

మా కెన్యా కొండ మీద కుంటలు చాలా ఉన్నాయి. ఒకదాంట్లో నీళ్ళు పచ్చగా ఉంటాయి, ఒకదాంట్లో సిరా ఒలకబోసినట్టు నల్లగా ఉంటాయి. పార్కు పడమటి గేటులో ఎక్కి, శిఖరాల మధ్య కనుమ దాటి, తూర్పున మా ఊరి వైపు దిగేవాళ్ళు అయిదు రోజుల్లో వాటి పక్కనుంచే నడుస్తారు. ప్రతి కుంట దగ్గరా ఆగుతారు, ఫొటోలు తీసుకుంటారు, బూట్లు విప్పి కాళ్ళు ముంచి కెవ్వుమంటారు.

ఒక్కదాని దగ్గర మాత్రం మా ఊరి పోర్టర్లు ఆగరు.

అదేం పెద్దది కాదు. మా బడి ఆటస్థలమంత ఉంటుందేమో. లోయ అంచున, రాతి అరుగు మీద ఉంది. అరుగు దాటి రాయి విసిరితే అడుగున ఉన్న పెద్ద సరస్సులో పడిన చప్పుడు చాలాసేపటికి వినిపిస్తుంది. ఒక్కోసారి వినిపించదు.

కానీ మావాళ్ళ భయం లోయ గురించి కాదు. ఆ కుంట అడుగుతుంది... రాత్రిపూట, పొగమంచు దిగాక.

"ఎంతమంది?" అని.

బదులు పలకకూడదు. డేరా దాటి బయటికి పోకూడదు. అన్నిటికంటే ముఖ్యం — అంకె చెప్పకూడదు. చెప్పారో, తెల్లారేసరికి ఆ అంకెలోంచి ఒకటి తగ్గుతుంది.

ఎందుకిలా అయిందంటే, నేను విన్నదే చెబుతాను. దొరల కాలంలో పటాలు గీసే దొర ఒకడు మావాళ్ళని వెంటబెట్టుకుని అక్కడ దిగాడట. రోజూ సాయంత్రం మనుషుల్ని వరసగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరి మీదా వేలు పెట్టి అంకెలు చదివేవాడట. ఒక రాత్రి లెక్కలో ఒకరు ఎక్కువ వచ్చారు. మళ్ళీ లెక్కపెట్టాడు. మళ్ళీ ఎక్కువే. దొరకి ఒళ్ళు మండి, "నా మనిషి కానివాడు లేచి పోవాలి!" అని అరిచాడు.

వరస చివర్నించి ఎవరో లేచారు. మెల్లగా కుంట వైపు నడిచారు. పొగమంచులో కలిసిపోయారు. మొహం ఎవరూ చూడలేదు.

తెల్లారి లెక్కపెడితే — ఒకరు తక్కువ.

అప్పట్నించీ ఆ కుంట అడుగుతూనే ఉందంటారు, లెక్క తేలక.

ఇక్కడొక సంగతి విడమరిచి చెప్పాలి. మావాళ్ళు మనుషుల్ని లెక్కపెట్టరు. మేకల్ని కూడా లెక్కపెట్టరు. మా ఊళ్ళో ఏ తల్లినైనా "పిల్లలెంతమంది?" అని అడిగి చూడండి. "కుండెడు జావ చాలేంత మంది" అంటుంది. అంకె పైకి చెబితే చావు చెవిన పడుతుందని, విన్నాక ఊరికే పోదని నమ్మకం. నేను టీచరు ట్రైనింగు కాలేజీనుంచి కొత్త తెలివితో వచ్చి, మొదటి రోజు పిల్లల్ని వేలితో చూపిస్తూ లెక్కపెట్టాను. మధ్యాహ్నానికి నలుగురు తల్లులు బడికొచ్చారు. చేతుల్లో పారలున్నాయి. పొలంనుంచి నేరుగా వచ్చారులే అని సరిపెట్టుకున్నాను గానీ, మర్నాటినుంచి పిల్లల్ని వదిలేసి పలకలు లెక్కపెట్టాను. అంకె అదే వచ్చింది. తల్లులు శాంతించారు. అలా ముప్ఫై నాలుగేళ్ళు గడిచిపోయాయి.

ఆ పలకల్లో ఒకటి కగెండోది. ఈ కథ ఆమెది.

కగెండో పదకొండేళ్ళు ఆ కొండ మీద పోర్టరుగా బరువులు మోసింది. దారి రాయి రాయికీ తెలుసు. ఇక తనే ముందు నడిచి జనాన్ని తీసుకెళ్ళాలనుకుంది. దానికి మా ఊరి గైడ్ల సంఘం ఇచ్చే ఇత్తడి బిళ్ళ మెడలో ఉండాలి. సంఘం పెద్ద ముటేగి. డెబ్బై ఏళ్ళ మనిషి, నలభై ఏళ్ళు గైడుగా చేశాడు. ముక్కుపొడుం డబ్బీ లేకుండా ఎవరూ ఆయన్ని చూడలేదు. ఆ కుంట కథ ఆయన చెబితేనే వినాలి. దొర లేచి అరిచే చోట పిల్లలు అమ్మ కొంగు పట్టుకునేవాళ్ళు. ఆడవాళ్ళు గైడుల్లో చేరతామన్నప్పుడల్లా ఆయన ఆ కథే ఎత్తుకునేవాడు.

బిళ్ళ అడగడానికి కగెండో సంఘం గదిలోకి వెళ్ళిన రోజు ఏం జరిగిందో అక్కడున్నవాళ్ళందరూ నాకు విడివిడిగా చెప్పారు.

"ఆడదానికి నుదుటికి పట్టీ తగిలించి వీపున కట్టెల మోపు మొయ్యడం తెలుసు," అన్నాడు ముటేగి. "కొండకి దారేం తెలుసు?"

"మీకు మొదటిసారి ఆ దారి చూపించింది కట్టెలకెళ్ళిన మీ అమ్మే కదా పెద్దయ్యా," అంది కగెండో.

గదిలో నవ్వులు. ముటేగి మాత్రం ఒక చిటికెడు పొడుం పీల్చాడు. మూడు తుమ్ములు వరసగా తుమ్మాడు. కాస్త ఆగి నాలుగోది. ఆయన తుమ్ము ఎప్పుడూ అంతే — మూడు, ఆపైన ఒకటి.

"సరే. ఒక్కసారి తీసుకెళ్ళు," అన్నాడు. "పడమటి గేటులో కాయితం మీద ఏ అంకె వేస్తారో, అయిదో రోజు సాయంత్రం తూర్పు గేటులో అదే అంకె దిగాలి. ఒకరు తగ్గినా, ఒకరు పెరిగినా బిళ్ళ లేదు. ఇంకెప్పుడూ ఏ ఆడదీ ఈ గడప తొక్కకూడదు."

"పెరగడమేంటి పెద్దయ్యా? దారిలో నేనేమన్నా కంటానా?"

మళ్ళీ నవ్వారు.

"దారిలో ఆ కుంట ఉంది," అన్నాడు ముటేగి నెమ్మదిగా. ఇక ఎవరూ నవ్వలేదు.

అలా బయల్దేరారు. నైరోబీ నుంచి వచ్చిన ముగ్గురు స్నేహితులు. వాళ్ళలో న్యాబోకే అని ఒక పళ్ళ డాక్టరు, నోరుగల మనిషి. నలుగురు పోర్టర్లు. వంటవాడు మిచేని, పిరికివాడే గానీ చేయి మంచిది. కగెండో. పడమటి గేటు కాయితం మీద అంకె వేశారు: తొమ్మిది. అది నేను రాస్తున్నాను గానీ, కగెండో అయిదు రోజులూ ఆ మాట నోట్లోంచి రానివ్వలేదు. ఒక్కొక్కరికీ ఒక రేకు మగ్గు ఇచ్చింది. పొద్దున బయల్దేరేటప్పుడు, రాత్రి పడుకునేటప్పుడు టీ పోసి, మగ్గులు సరిచూసుకునేది. మనుషుల జోలికి పోలేదు. ఆ పద్ధతి ఎక్కడ నేర్చుకుందో మీకు తెలుసు.

మూడు రోజులు బాగానే గడిచాయి. కనుమ దాటారు. అవతల దిగుతుంటే ఒక కుంట తర్వాత ఒకటి, మెట్ల మీద గిన్నెలు పేర్చినట్టు. న్యాబోకే ప్రతి గిన్నెలోనూ కాళ్ళు పెట్టింది.

నాలుగో రోజు ఆమె స్నేహితుల్లో ఒకాయనకి తలనొప్పి పట్టుకుంది. ఎత్తుకి వచ్చే నొప్పి. పది అడుగులు వేస్తాడు, కూర్చుంటాడు. చీకటి పడకముందే రాతి అరుగు దాటి కింద సరస్సు దగ్గరికి చేరాలని కగెండో తొందర. నాలుగింటికి అరుగు మీదికి వచ్చారు...

పొగమంచు అప్పుడే దిగింది. లోయలోంచి లేచి, పాలు పొంగినట్టు పొంగి, అరుగు మొత్తం కప్పేసింది. చాచిన చేతి వేళ్ళు కనబడటం లేదు. కుడి పక్కన కుంట. ఎడమ పక్కన ఎక్కడో లోయ అంచు.

"ఇక్కడే," అంది కగెండో. "డేరాలు వెయ్యండి."

మిచేని కుండ కింద పెట్టలేదు. "ఇక్కడా? ఈ కుంట పక్కనా? అక్కా, నా పెళ్ళాం నీళ్ళాడే రోజులు."

"ఇంకో వంద అడుగులు వేస్తే నీ పెళ్ళాం విధవ అవుతుంది. దించు."

దించాడు.

ఆ చోటు పగలే ఒక మాదిరిగా ఉంటుంది. మనిషెత్తు మోడు మీద పెద్ద క్యాబేజీ పెట్టినట్టుండే చెట్లు అక్కడ చాలా. పొగమంచులో అవి మనుషులు గుంపుగా నిలబడి మన వైపు చూస్తున్నట్టు ఉంటాయి. చీకటి పడ్డాక రాళ్ళ సందుల్లో కుందేలంత జంతువులు పీక నులిమినట్టు అరుస్తాయి. చలికి కుంట మీద పలచగా మంచు పేరుకుంటుంది. అది పగులుతున్నప్పుడు... ఎవరో అటూ ఇటూ నడుస్తున్నట్టు టిక్కు టిక్కుమంటుంది.

ఇవన్నీ తెలిసినవే. తెలిసినవాటికి పేర్లు పెట్టుకుని అందరూ పెద్ద డేరాలో ముడుచుకు కూర్చున్నారు. మగ్గులు సరిపోయాయి. టీ తాగారు.

ఎనిమిదింటికి అరుపులు ఆగిపోయాయి. ఒక్కసారిగా. ఎవరో నోరుమూయమన్నట్టు.

అప్పుడు వినిపించింది.

"ఎంత... మందీ..."

గొంతు మగవాళ్ళదో ఆడవాళ్ళదో తెలియలేదు. దగ్గరనుంచో దూరంనుంచో తెలియలేదు. నీళ్ళ మీదుగా వచ్చింది — అంతే.

పోర్టర్లు దుప్పట్లు ముసుగెట్టేశారు. న్యాబోకేకి ఇదంతా సరదా. "ఎవరో దారి తప్పినట్టున్నారు," అని నోటికి చేతులు అడ్డం పెట్టుకుని, "తొమ్మి—" అంది.

మిచేని ఉల్లిపాయ వాసన చేత్తో ఆమె నోరు మూసేశాడు. "పళ్ళ డాక్టరుగారూ," అన్నాడు గుసగుసగా, "ఈ ఒక్క రాత్రికీ మీ పళ్ళు బయటపెట్టకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఎంత... మందీ..."

తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో — ఒక తుమ్ము. ఇంకో తుమ్ము. మూడోది. కాస్త ఆగి... నాలుగోది.

కగెండో తల ఎత్తింది. "దెయ్యం తుమ్ముతుందా?"

"ఈ చలికి ఎవరైనా తుమ్ముతారు," అన్నాడు మిచేని.

"అది చలి తుమ్ము కాదు. పొడుం తుమ్ము. మూడు, ఆపైన ఒకటి. అది ముటేగి పెద్దయ్య తుమ్ము."

"ఆయన ఊళ్ళో ఉన్నాడు కదక్కా! అంటే... దెయ్యం ఆయన తుమ్ము నేర్చుకుంది." మిచేని గొంతు ఏడుపులోకి దిగింది. "ఆయనే చెప్పాడు కదా — పలకొద్దు, బయటికి పోవద్దు అని. నలభై ఏళ్ళుగా చెబుతున్నాడు!"

నిజమే. ఇదొక్కటి మీరు ఆలోచించండి. ఆ రాత్రి ఆ కుంట గట్టున బతికున్న మనిషి ఎవరైనా ఉండి, సాయం చెయ్యమని గొంతు చించుకున్నా, మా ఊరివాడెవడూ లేవడు. అంత బాగా నేర్పించాడు ముటేగి. నా విద్యార్థులు ఎక్కాలు కూడా అంత బాగా నేర్చుకోలేదు.

కగెండో కూర్చునే లెక్క వేసుకుంది. బయటికెళ్ళి లోయలో పడితే గేటులో ఒకరు తగ్గుతారు. తన బిళ్ళ పోతుంది, తన వెనకొచ్చే ఆడవాళ్ళందరి బిళ్ళలూ పోతాయి. వెళ్ళకపోతే కాయితం మీద అంకె చెక్కుచెదరదు. కానీ అక్కడ తుమ్మినది ఎవరైనా, తెల్లారేసరికి గడ్డకట్టుకుపోతారు.

"చిన్నప్పుడు టీచరమ్మ చెప్పేది," అంది లేస్తూ. "జవాబు వచ్చింది కదాని పలక దించొద్దు, సరిచూసుకో అని."

చూశారా. ఒక్కోసారి మనం చెప్పినది వాళ్ళు విననే విన్నారని తెలిస్తే భయం వేస్తుంది.

మిచేని చేతికి ఒక మగ్గు, చెంచా ఇచ్చింది. "కొడుతూ ఉండు. ఆపకు. నేను ఆ చప్పుడు పట్టుకునే వెనక్కి రావాలి." కట్టెలు మోసే తోలు పట్టీ భుజాన వేసుకుని డేరా తెర ఎత్తింది.

టార్చి వేస్తే ఎదురుగా తెల్లగోడ తప్ప ఏమీ లేదు. ఆర్పేసింది. వంగి, చేత్తో నేల తడుముకుంటూ వెళ్ళింది. వెనక మగ్గు చప్పుడు — టంగు, టంగు, టంగు. భయం పెరిగేకొద్దీ మిచేని చేయి వేగం పెరిగి, చివరికి అది చర్చి గంటలాగా కాక చలికి పళ్ళు కొట్టుకుంటున్నట్టు వినిపించిందట.

వేళ్ళకి తడి తగిలింది. పలచటి మంచు. రాళ్ళు. రాళ్ళ మధ్య... ఒక బూటు.

బూటు కదిలింది.

"నేను ఎవరి లెక్కలోనూ లేను!" అని బొంగురు గొంతుతో అంది చీకటి. "నన్ను వదిలెయ్! నా పేరు ఏ కాయితం మీదా లేదు!"

దాంతోపాటే గుప్పెడు ఏదో వచ్చి కగెండో మొహాన పడింది. కళ్ళు మండిపోయాయి. ముక్కుపొడుం. ఆమె తుమ్మింది. ఆయన తుమ్మాడు. ఇద్దరూ ఆగకుండా తుమ్మారు.

డేరాలో మిచేనికి రెండు రకాల తుమ్ములు వినిపించాయి. ఒకటి ఎక్కువైంది! చెంచా చేతిలోంచి జారిపోయింది.

చప్పుడు ఆగిపోయింది.

"పెద్దయ్యా," అంది కగెండో, కళ్ళు తుడుచుకుంటూ. "నేను, కగెండోని. కాలు ఏమైంది?"

చిన్న గొంతుతో, "రాళ్ళ మధ్య ఇరుక్కుంది," అన్నాడు ముటేగి. "సాయంత్రం నుంచీ."

రాయి పక్కకి జరిపి కాలు బయటికి లాగింది. నిలబెట్టబోతే కూలబడ్డాడు. భుజాన ఉన్న పట్టీ తీసి ఆయన తొడల కిందనుంచి చుట్టింది.

"ఏం చేస్తున్నావు?"

"మోపు కడుతున్నాను."

"ఆడదాని వీపు మీదా? నుదుటి పట్టీతోనా? నా ఈడు వాళ్ళు వింటే—"

"పెద్దయ్యా, మీరు తడిసిన కట్టెల కంటే బరువున్నారు. మాట్లాడితే ఇంకా పెరుగుతారు."

పట్టీ నుదుటికి తగిలించుకుని లేచింది. లేచాక గానీ తెలియలేదు — మగ్గు చప్పుడు లేదని. ఎటు చూసినా తెలుపే. ఒక పక్క డేరాలు, ఒక పక్క కుంట, ఒక పక్క లోయ. ఏది ఎటో తెలియదు. వీపు మీద ముసలాయన గజగజ వణుకుతున్నాడు.

ఒక అడుగు వేసింది. కాలి కింద గులకరాయి జారి దొర్లింది... దొర్లింది... దాని చప్పుడు మళ్ళీ రాలేదు.

కదలకుండా నిలబడింది. ఎంతసేపో ఆమెకి తెలియదు.

అప్పుడు వెనకనుంచి — టంగు. టంగు. టంగు. నిదానంగా, వణుకు లేకుండా. అది మిచేని చేయి కాదు. పళ్ళ డాక్టరు చేయి. కింద పడ్డ చెంచా ఆవిడ తీసుకుంది.

కగెండో ఆ చప్పుడు వైపు తిరిగింది.

డేరాలోకి ఆమె వచ్చేసరికి, వీపు మీద రెండో తల చూసి పోర్టర్లలో ఒకడు ప్రార్థన అందుకున్నాడు. ముటేగిని దించి దుప్పట్లు చుట్టారు. పదో మగ్గు లేదు కాబట్టి ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చారు. న్యాబోకే కాలు అటూ ఇటూ తిప్పి చూసింది.

"విరగలేదు, బెణికింది. నేను పళ్ళ డాక్టర్నే గానీ, పళ్ళ కంటే పాదాలు నయం. వేలు పెడితే కరవవు."

అప్పుడు సంగతంతా కక్కాడు ముసలాయన. ఊళ్ళో కూర్చోలేకపోయాడట. ఈ పిల్ల కుంటకి భయపడి చుట్టుదారి పడుతుందని, లేకపోతే అంచున తడబడుతుందని, ఏదైనా కళ్ళారా చూడాలని, కంచెలో కంతలోంచి దూరి మేకల దారిన రెండు రోజులు ఎక్కాడట. కాయితం లేదు, టిక్కెట్టు లేదు. రాళ్ళ చాటున కూర్చుని ఎదురుచూస్తుంటే పొగమంచు దిగింది. లేవబోయి జారాడు.

"మమ్మల్ని పేరు పెట్టి పిలవొచ్చు కదా తాతా!" అన్నాడు మిచేని. "'ఎంతమంది' అని అడగాలా? గుండె ఆగిపోయిందనుకో!"

ముటేగి మూతలో టీ వైపు చూస్తూ ఉండిపోయాడు. సిగ్గుపడ్డాడులే అనుకున్నారు.

మర్నాడు ఎండ కాసింది. కుంట అద్దంలా అమాయకంగా ఉంది. కగెండో ఆయన్ని వీపున వేసుకునే లోయలోకి దిగింది, పెద్ద సరస్సు పక్కనుంచి, వెదురు అడవిలోంచి. పోర్టర్లు మార్చుకుంటామన్నా ఎక్కువసేపు ఇవ్వలేదు.

గేటుకి కాస్త ముందు ముసలాయన ఆమె చెవిలో అన్నాడు: "పిల్లా, అక్కడ కంచెలో కంత ఉంది. నన్ను అక్కడ దించెయ్. పాక్కుంటూ పోతాను. నీ అంకె నీకుంటుంది."

"ఆ కాలితో ఎంత దూరం పాకుతారు? చీకటి పడితే?"

"నా సంగతి వదిలెయ్. గేటు దగ్గర సంఘం వాళ్ళంతా ఉంటారు. ఒకరు పెరిగినా బిళ్ళ లేదని నేనే అన్నాను."

కగెండో ఆగింది. కంతని చూసింది. గేటు వైపు చూసింది. పదకొండేళ్ళు ఆమె మోసిన బరువులన్నీ ఆ ఒక్క నిమిషంలో వీపు మీదికి వచ్చాయని నాతో అంది.

"ఎత్తిన మోపు దారి మధ్యలో దించితే మా అమ్మ తిట్టేది," అని గేటు వైపే నడిచింది.

గేటులో గుమాస్తా సముద్రతీరంనుంచి వచ్చిన మనిషి, కొత్తవాడు. అతనికి మా పట్టింపులు తెలియవు. వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. పోర్టర్లు ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. అతను మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు. కాయితం చూశాడు. బుర్ర గోక్కున్నాడు.

"ఒకరు ఎక్కువ."

సంఘం వాళ్ళ మధ్య గుసగుస. కగెండో కళ్ళు దించుకుంది.

"తక్కువైతే వెతకడానికి మనుషుల్ని పంపిస్తాం," అన్నాడు గుమాస్తా, తప్పు తనదే అయినట్టు. "ఎక్కువైతే ఏం చెయ్యాలో నా పుస్తకంలో లేదు. ఎవరు ఎక్కువ?"

నలభై ఏళ్ళ పెద్దరికం కగెండో వీపు మీద, నుదుటి పట్టీలో వేలాడుతోంది. ముటేగి నోరు మూసుకుంటే చాలు, ఆమె పని అయిపోతుంది. తెరిస్తే — దొంగతనంగా దూరానని, ఆడదాని వీపున దిగానని తన మనుషుల ముందు ఒప్పుకోవాలి.

ముటేగి డబ్బీ తీశాడు. ఖాళీ. మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"నన్ను లెక్కపెట్టకు నాయనా," అన్నాడు గుమాస్తాతో, అందరికీ వినబడేట్టు. "నేను ఆ కుంట దెయ్యాన్ని. ఈ పిల్ల నన్ను పట్టుకొచ్చింది."

గుమాస్తా ఆయన్ని కిందనుంచి పైదాకా చూశాడు. "దెయ్యాలకి టిక్కెట్టు లేదు," అని తొమ్మిది వేసి ముద్ర కొట్టాడు.

ఆ సాయంత్రమే కగెండో మెడలో బిళ్ళ పడింది. వేసింది దెయ్యమే.

కథ ఇక్కడితో అయిపోతే నేను మీకు చెప్పేదాన్ని కాదు. అందరూ నవ్వుకునే కథే కదా. ఇప్పుడు మా ఊళ్ళో ముటేగిని పిల్లలు "కుంట తాతా" అంటారు, ఆయనా పలుకుతాడు.

నెల తర్వాత ఆయన కర్ర ఊతంతో మా ఇంటికొచ్చాడు. టీ ఇచ్చాను. మా ఇద్దరిదీ ఒకటే ఈడు, వేళాకోళం చెల్లుతుంది.

"అయితే ముటేగీ," అన్నాను, "సాయం కావలసినవాడివి సాయమని అరవాలి గానీ, 'ఎంతమంది' అని అడగడమేంటయ్యా? చావబోతూ కూడా భయపెట్టే అలవాటు పోలేదా?"

ఆయన నవ్వలేదు. కప్పు కింద పెట్టాడు.

"టీచరమ్మా, నేను అరవలేదు. సాయంత్రమే చలికి నా గొంతు పూడుకుపోయింది, పక్కనున్నవాడికి తప్ప వినబడదు. పొడుం పీల్చాను, తుమ్మితే వింటారేమోనని. అంతే."

"మరి అడిగిందెవరు?"

"నాకు తెలీదు. నా వెనకనుంచి వచ్చింది. నీళ్ళలోంచి." గొంతు తగ్గించాడు. "అది వాళ్ళని అడగలేదు. నన్ను అడిగింది. మొదటిసారి ఊరుకున్నాను. రెండోసారి..."

"రెండోసారి?"

"నలభై ఏళ్ళు అందరికీ చెప్పినవాణ్ణి, టీచరమ్మా. చెప్పొద్దని నాకు తెలీదా? నోరు దానంతటదే తెరుచుకుంది. 'ఒక్కణ్ణే' అన్నాను."

బయట మా కోళ్ళు కెక్కెక్కెమంటున్నాయి. పట్టపగలు.

"పడమటి గేటు కాయితంలో నేను లేను," అన్నాడు. "తూర్పు గేటు కాయితంలోనూ లేను. నన్ను లెక్కపెట్టొద్దని నేనే అన్నాను." అని కాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు. ఆయన రెండో తరగతితో బడి మానేశాడు. "టీచరమ్మా, నువ్వు లెక్కలు చెప్పినదానివి. ఒకటిలోంచి ఒకటి తీసేస్తే ఎంత?"

ముప్ఫై నాలుగేళ్ళు ఆ ప్రశ్న పిల్లల్ని అడిగాను. జవాబు తెలియనట్టు మొహం పెట్టడం అదే మొదటిసారి.

"ఇంకొంచెం టీ పోయనా?" అన్నాను.